ఎలెక్ట్రిక్ గిటారునకు క్రొత్త పికప్పు నెన్నుకొనుట ఎట్లు?

గడచిన వార్షికోత్సవమునకు విచ్చేసిన తలిదండ్రులలో అనేకులకు మన పాఠశాల గిటారు జ్ఞాపకముండును. ఆనాటి పాట జ్ఞాపకముండకపోవచ్చును గాని, ఆ గిటారు చేసిన రొద మాత్రము జ్ఞాపకముండక మానదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఆరు నెలలు సాధన చేసి, పాటకు తోడుగా వాయించుటకై వేదిక నెక్కెను. తీగను మీటకమునుపే స్పీకరులనుండి తుమ్మెదల గుంపు లేచినట్లు ఝుంకారము బయలుదేరెను. వెనుక వరుసలలోనివారు నవ్విరి. బాలుడు తల వంచుకొని, పాట ముగియువరకు వాయించి, దిగిపోయెను. సభ ముగిసిన పిమ్మట వాని తల్లి మాయొద్దకు వచ్చి, "ఐవారూ, మావోడు వాయించిందేదో, ఆ గుయ్యిమనేదేదో నాకు తెలీకపాయ" అనెను. ఆ మాటకు మేము ప్రత్యుత్తరము చెప్పలేకపోతిమి.

మరునాడే విద్యార్థులు తలకొంత చందా వేసికొనిరి. 6,000 రూపాయలు ప్రోగయ్యెను. గిటారుయొక్క పికప్పు చెడినదనియు, దానిని మార్చిన చాలుననియు అందరును తలచిరి. మేమును అట్లే తలచితిమి. పరీక్షింపక తలచిన తలపు గనుక మొదట పొరబడితిమి. ఆ పొరపాటువలన విద్యార్థుల ధనము కొంత వ్యర్థమయ్యెను. దానిని దాచుటకంటె, ఉన్నదున్నట్లు చెప్పుట మరియొక పాఠశాలకైనను, తమ బిడ్డకు గిటారు కొనిపెట్టిన తలిదండ్రులకైనను మేలు చేయునని యెంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము. గిటారు వాయింపని విద్యార్థులకును ఇందు కొంత భౌతికశాస్త్రము లభించును.

పికప్పు అనగా నేమో మొదట తెలిసికొందము. మామూలు గిటారునకు బోలుగానుండు కొయ్య పెట్టె కలదు. తీగ కదలినప్పుడు ఆ పెట్టె కదలి, దానితో గాలి కదలి, నాదము మన చెవిని చేరును. ఎలెక్ట్రిక్ గిటారులో తరచుగా అట్టి పెట్టె లేదు. గట్టి కొయ్య పలక మాత్రమే యుండును. దాని నాదమును బయటికి తెచ్చునది తీగల క్రింద అమర్చిన పికప్పు. అందు అయస్కాంతములును, వాని చుట్టు వెండ్రుకకంటె సన్నని రాగితీగతో ఏడెనిమిది వేల చుట్లు చుట్టిన యొక తీగచుట్టయు నుండును.

పదవ తరగతి విద్యార్థులు ప్రయోగశాలలో తీగచుట్టలోనికి అయస్కాంతమును త్రోసి, గాల్వనామీటరు ముల్లు కదలుట చూచియే యుందురు. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ మదియే. పికప్పునందు అయస్కాంతము కదలదు. దానిపైనున్న ఉక్కు తీగ కదలును. ఉక్కు తీగ అయస్కాంతపు సమీపమున నుండుటచే తానును కొంత అయస్కాంతత్వమును పొందును. అది ఊగినప్పుడెల్ల చుట్టగుండ పోవు అయస్కాంత బలరేఖలు మారును. చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. గిటారులోని అయిదవ తీగ సెకనుకు 110 సార్లు ఊగినచో, ఆ విద్యుత్తును సెకనుకు 110 సార్లు అటునిటు మారును. ఆంప్లిఫయరు దానిని పెద్దది చేసి స్పీకరున కందించును.

దీనినిబట్టి ముఖ్యమైన సంగతి యొకటి తేలుచున్నది. మైకు గాలి కదలికను వినును; పికప్పు గాలిని వినదు, ఉక్కును మాత్రమే వినును. నైలాను తీగలు గల గిటారునకు ఇట్టి పికప్పు నమర్చిన యెడల అది మూగదియై యుండును. మన వీణకును ఇదే చిక్కు కలదు. వీణ తీగలలో కొన్ని ఉక్కువి, కొన్ని ఇత్తడివి లేక కంచువి. అయస్కాంతపు పికప్పు మొదటివానిని పలికించి రెండవవానిని విడిచిపెట్టును. కావున వీణకును, నైలాను గిటారునకును కొయ్య యదరును గ్రహించు వేరు విధమైన పికప్పును వాడుదురు. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన ధర్మమే దానికి ఆధారము. తన వాద్యమునకు ఏ తీగలున్నవో చూడక పికప్పు కొనువాడు చెవిటివానిని సంగీతమునకు పిలిచినవాడగును.

ఈ సాధనము పుట్టినదే వినబడని వాద్యమును వినిపించుటకు. అమెరికాలో వాద్యబృందములు పెద్దవగుచున్న కాలమున గిటారు ధ్వని తక్కినవాని రొదలో మునిగిపోవుచుండెను. 1931లో జార్జి బీచమ్ అను వాద్యకారుడును, అతని సహచరులును ఒడిలో పెట్టుకొని వాయించు హవాయి గిటారునకు గుఱ్ఱపు నాడా ఆకారముగల అయస్కాంతములతో పికప్పును నిర్మించిరి. అది చూచుటకు పెనమువలె నుండుటచే జనులు దానిని "ఫ్రైయింగ్ పాన్" అనిరి. 1937లో బీచమునకు పేటెంటు లభించెను.

మన తెలుగు దేశమునందును దీనికి తగిన నిదర్శనము కలదు. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును వాయించి లోకప్రసిద్ధులైరి. మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు జంటజంటలుగా నుండును. మీటిన నాదము త్వరగా ఆరిపోవును. నాదము నిలువనిచోట గమకము పలుకదు. వారు జంటతీగలను విడిచి అయిదు ఒంటి తీగలను పెట్టుకొని, ఎలెక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టిరి. తీగ నెమ్మదిగా క్షీణించుచున్నప్పటి సన్నని నాదమును పికప్పు గ్రహించి వినిపించుటచే, ఒక్క మీటుపై గమకము సాగుట కవకాశ మేర్పడెను. ఆయనకు 1998లో పద్మశ్రీ బిరుదము లభించెను. 2014లో ఆయన దివంగతులైరి. ఇందు మనము గ్రహింపవలసిన దేమనగా, వారు బిగ్గరగా వినిపించుటకు మాత్రమే విద్యుత్తును చేపట్టలేదు. తమ సంగీతమునకు కొరవడిన దేదో మొదట తెలిసికొని, దానికి తగిన సాధనమును ఎన్నుకొనిరి. మేము చేయనిది సరిగా ఇదియే.

ఇక రొద సంగతి. మన ఇండ్లలోని విద్యుత్తు సెకనుకు 50 సార్లు అటునిటు ఊగుచుండును. దానిని మోయు తీగలు, ట్రాన్స్‌ఫార్మరులు, మోటారులు తమ చుట్టు అయస్కాంత క్షేత్రమును పుట్టించును. పికప్పులోని చుట్ట ఉక్కు తీగ కదలికను గ్రహించినట్లే ఈ క్షేత్రమును గూడ గ్రహించును. అదియే ఆ ఝుంకారము. ఒకే చుట్ట గల పికప్పును "సింగిల్ కాయిల్" అందురు. దాని నాదము స్వచ్ఛముగాను, గంటవలె మెఱుపుగాను నుండును గాని, రొద దానికి సహజము. అది చెడుటవలన వచ్చినది కాదు.

ఈ రొదను పోగొట్టుటకు గిబ్సన్ కంపెనీలో పనిచేయుచుండిన సేత్ లవర్ అను ఇంజనీరు 1955లో ఒక యుక్తిని పన్నెను. రెండు చుట్టలను ప్రక్కప్రక్కన పెట్టి, వానిని విరుద్ధ దిక్కులుగా కలిపి, వాని అయస్కాంత ధ్రువములను గూడ విరుద్ధముగా నుంచెను. బయటి రొద రెండు చుట్టలలోను ఒకే తీరున ప్రవేశించును. చుట్టలు విరుద్ధములగుటచే ఒకదానిలోనిది రెండవదానిలోనిదానిని కొట్టివేయును. తీగ నాదమునకు ధ్రువములు గూడ విరుద్ధములు గనుక, రెండు మారులు తిరుగబడి మరల ఒకే దిక్కునకు వచ్చి, రెండును కూడికొనును. దీనినే "హంబకర్" అందురు. అయితే రెండు చుట్టలు తీగను రెండు చోట్ల వినుటచే, నాదములోని సన్నని పైస్వరములు కొన్ని తగ్గి, ధ్వని బొద్దుగా నగును. కొందరికి అదియే ఇష్టము. కొన్ని పాటలకు అది పనికిరాదు.

మేము చేసిన తప్పు నిప్పుడు చెప్పెదము. నగరములోని యొక దుకాణమునకు పోయి, రొద లేని పికప్పు కావలెనంటిమి. వర్తకుడు ఒక హంబకరును చూపి, దీని నిరోధము 15 కిలో ఓములు, మీ పాతదానిది 6 మాత్రమే, సంఖ్య పెద్దదైన కొలది సరుకు మేలైనది అనెను. మేము నమ్మి 2,800 రూపాయలిచ్చి కొంటిమి. అది పాత గాడిలో పట్టకపోగా, బ్రిడ్జి ప్రక్కనున్న గాడిని వడ్రంగిచే తొలిపించితిమి. రొద కొంత తగ్గినమాట నిజమే. కాని బాలుడు నాలుగు తీగలను కలిపి మీటినచో స్వరములు ఒకదానిలో నొకటి కలిసి ముద్దయయ్యెను. పాడువారి గొంతు మునిగిపోయెను. వాయించిన బాలుడే, "పాతదే మేలు, సార్" అనెను. చందా ఇచ్చిన పిల్లలు మా ముఖమువంక చూచిరి.

వర్తకుడు చెప్పిన సంఖ్య అబద్ధము కాదు. దానినుండి మేము తీసిన సిద్ధాంతము అబద్ధము. నిరోధము రాగితీగ ఎంత పొడవో, ఎంత సన్ననో తెలుపును గాని, నాదము ఎంత మంచిదో తెలుపదు. సాధారణముగా సింగిల్ కాయిలులకు 6 కిలో ఓముల ప్రాంతమునను, పాత తరహా హంబకరులకు 7 మొదలు 9 వరకును ఉండును. చుట్లు హెచ్చిన కొలది ధ్వని పెద్దదగును. అయితే పైస్వరములు అణగి, మధ్యస్వరములు ముందుకు వచ్చును. గట్టి రాక్ సంగీతము వాయించువారు దానిని కోరి కొందురు. పదిమంది పిల్లలు పాడు పాటకు తోడుగా వాయించుటకు అది తగదు.

అప్పుడు మొదట చేయవలసిన పనిని చివర చేసితిమి, గిటారును పరీక్షించితిమి. పరీక్షా క్రమ మిట్టిది. వేరొక కేబులు తెచ్చి చూడవలయును; అనేక మారులు దోషము దానియందే యుండును. చేతితో తీగలను తాకినప్పుడు రొద తగ్గినచో, లోపలి ఎర్తు కూర్పునందో, కప్పునందో లోపము కలదని అర్థము. గిటారును పట్టుకొని నిలిచినచోటనే మెల్లగా తిరిగినప్పుడు రొద హెచ్చుచు తగ్గుచు నున్నచో, అది చుట్ట గ్రహించు అయస్కాంతపు రొద. లోపలి గాడికి రాగి రేకు అంటించిన మొదటి విధమైనది తగ్గును, రెండవది తగ్గదు. పికప్పు మ్రోగనే మ్రోగనిచో మల్టీమీటరుతో దాని నిరోధమును కొలువవలయును. ఏ మాత్రమును చదువు చూపనిచో లోపలి తీగ తెగినదని తెలియును. అప్పుడు మాత్రమే పికప్పు నిజముగా చెడినదనవలయును.

ఇట్లు చూడగా మా రొదలో సగమునకు పైగా పికప్పునకు సంబంధమే లేదు. వేదికపై వాడిన పొడిగింపు బోర్డునకు ఎర్తు లేదు. వేదిక దీపముల వెలుగును తగ్గించు డిమ్మరు గిటారు ప్రక్కనే యుండెను. బోర్డును మార్చి, డిమ్మరును దూరముగా నుంచగానే సగము ఝుంకారము పోయెను. దీనికైన వ్యయము అత్యల్పము. ఇచ్చట తలిదండ్రులకు ఒక హెచ్చరిక: ఎర్తు లేని ఆంప్లిఫయరునకు తగిలించిన గిటారు రొద చేయుటయే గాక, లోపల దోషము కలిగినప్పుడు తీగలద్వారా వాయించువానికి షాకు కొట్టవచ్చును. మైకును పెదవులకు తాకించి పాడువారికి ఆ యపాయము మరింత. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తు కాలును విరిచి వాడుట యెన్నడును కూడదు.

మిగిలిన రొద సింగిల్ కాయిలునకు సహజమైనది. దానికి పికప్పు మార్చుటయే మార్గము. ఈసారి దుకాణమునకు పోకమునుపు కాగితముపై అయిదు ప్రశ్నలు వ్రాసికొని, వానికి జవాబులు వెదకితిమి. వానినే చదువరులకును సమర్పించుచున్నాము.

మొదటిది: ఏ పాటలకు? మా పాటలు బృందగానములు. గిటారు గొంతునకు తోడుండవలయునే గాని గొంతును మించరాదు. కావున స్వచ్ఛమైన నాదము, మితమైన బలము కావలయును.

రెండవది: ఏ స్థానమునకు? బ్రిడ్జి ప్రక్కన తీగ ఊపు స్వల్పము. అచ్చటి నాదము పదునుగా నుండును. మెడ ప్రక్కన ఊపు పెద్దది. నాదము గుండ్రముగాను, మృదువుగాను నుండును. బాలుడు ఎల్లప్పుడును మెడ ప్రక్క పికప్పునే వాడుచుండెను. మేము మార్చినది బ్రిడ్జి ప్రక్కది! వాయించువానిని అడుగక కొన్నందుకు ఫలమిది.

మూడవది: అది గాడిలో పట్టునా? పొడవు, వెడల్పు, లోతు కొలువవలయును. మొదటి తీగనుండి ఆరవ తీగవరకు గల ఎడమును గూడ ఆ స్థానమునందే కొలువవలయును. హంబకరులు రెండు ఎడములతో అమ్మబడును: సుమారు 50 మిల్లీమీటరులది యొకటి, 52 లేక 53 మిల్లీమీటరులది మరియొకటి. తీగ తన క్రింది ధ్రువమునకు మరీ ప్రక్కగా పోయినచో దాని ధ్వని తక్కినవానికంటె తగ్గవచ్చును.

నాలుగవది: గిటారులోని వాల్యూము కంట్రోళ్లు దానికి సరిపడునా? సింగిల్ కాయిలులకు 250 కిలో ఓములవి, హంబకరులకు 500 కిలో ఓములవి వాడుట వాడుక. విలువ తక్కువైనచో పైస్వరములు కొంత అణగును. ఎక్కువైనచో మెఱుపు హెచ్చును. మా హంబకరు ముద్దగా పలుకుటకు గిటారులోని 250 కిలో ఓముల కంట్రోలు గూడ కొంత కారణము.

అయిదవది: తక్కిన పికప్పులతో పొందునా? ఒకటి మిక్కిలి బలమైనదై, మరియొకటి బలహీనమైనచో, మీట మార్చినప్పుడెల్ల ధ్వని ఎగిరిపడును. ఒకదాని దిక్కు మరియొకదానికి విరుద్ధమైనచో, రెంటిని కలిపినప్పుడు నాదము సన్నబడి డొల్లగా నుండును. అట్లయినప్పుడు ఒకదాని రెండు తీగలను తారుమారు చేయవలయును.

అయస్కాంతపు జాతినిగూర్చియు చాల వాదములు కలవు. అల్యూమినియము, నికెలు, కోబాల్టు ఇనుముతో కలిపి చేయు ఆల్నికో ఒకటి, సిరామిక్ మరియొకటి. సిరామిక్ బలమైనది, చవుకయైనది. ఆల్నికో పాతకాలపు మృదువైన నాదమునకు పేరుపొందినది. అయినను చుట్టునది, అమర్చునది, వాయించునది కలిసి నాద మగును. అయస్కాంతము పేరును మాత్రమే చూచి కొనరాదు.

ఈ జవాబులన్నియు ఒకే వస్తువును చూపెను. సింగిల్ కాయిలు పరిమాణమునందే, రెండు చుట్టలను ఒకదానిపై నొకటి పేర్చి రొదను కొట్టివేయు పికప్పులు దొరకును. మితమైన బలముగల అట్టిది యొకటి 2,500 రూపాయలకు కొని, మెడ ప్రక్కన పెట్టితిమి. కొయ్యను తొలువ నక్కరలేకపోయెను. ఖాజీపేటనుండి బస్సెక్కి ప్రొద్దుటూరునకు గిటారును తీసికొనిపోగా, అచ్చట సెల్‌ఫోనులు బాగుచేయు యువకుడొకడు టంకము వేసి యిచ్చెను. పాత తీగలను విప్పకమునుపే వాని కూర్పును ఫోటో తీసికొంటిమి. తీగల రంగులు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క విధముగా నుండును గనుక, క్రొత్తదానితో వచ్చిన కాగితమును చూచియే కలుపవలయును.

అమర్చిన పిమ్మట ఎత్తును సరిచేయుట మరువరాదు. పికప్పు తీగలకు మరీ దగ్గరగా నున్నచో అయస్కాంతము తీగను లాగును; నాదము త్వరగా ఆగిపోవును, శ్రుతియు చెదరినట్లుండును. మేము కడపటి మెట్టును నొక్కిపట్టి, తీగకును పికప్పునకును నడుమ 2 మొదలు 3 మిల్లీమీటరుల ఎడముండునట్లు మరలను త్రిప్పి, పిమ్మట చెవితో సరిచూచుకొంటిమి. చాలమంది క్రొత్త పికప్పు కొనకమునుపు ఈ మరలను త్రిప్పి చూచినచో, కొనవలసిన యక్కరయే కలుగకపోవచ్చును.

మొదట కొన్న హంబకరు బ్రిడ్జి ప్రక్కన అట్లే యున్నది; దాని నెవరును వాడుట లేదు. తొలిచిన కొయ్య మరల రాదు. దానిని మేము తీసివేయింపలేదు. గిటారు నేర్చుకొనవచ్చు పిల్లలు, ఇదేమని అడుగుదురు, మేము చెప్పుదుము.

మొన్నటి తలిదండ్రుల సభలో ఆ బాలుడు అదే పాటను మరల వాయించెను. ఆంప్లిఫయరు వెలిగియుండగా సభ నిశ్శబ్దముగా నుండెను. మొదటి తీగ మీటినప్పుడు ఆ యొక్క నాదమే వినబడెను. సభానంతరమున వాని తల్లి వచ్చి, "ఏం ఐవారూ, రెండో చరణంలో మావోడు ఒకచోట తప్పు వాయించినాడు గదా!" అనెను. నిజమే, వాడు అచ్చట తడబడెను. మంచి పికప్పు ఒప్పును వినిపించినట్లే తప్పును గూడ వినిపించును. వ్రేళ్లకు రావలసిన నేర్పును అది తెచ్చి ఇయ్యదు. ఆ చరణమును బాలుడు ఇప్పుడు ప్రతిదినము సాయంకాలము సాధన చేయుచున్నాడు.